సంతకానికి ముందు... ఐదు లెక్కలు!

చిన్న కంపెనీ. పెద్ద హోదా. ‘సేల్స్ హెడ్‌గా వచ్చేయండి, కంపెనీలో వాటా కూడా ఇస్తాం’ అంటూ పిలుపు. బొగ్గుగనుల ఊళ్లలో పుట్టి, నగరాల్లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలకు ఇలాంటి అవకాశం వస్తే సంతోషించాలా, సందేహించాలా? వెళ్లాలా, వద్దా? ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోవాల్సిన లెక్కలివి.

దసరా దగ్గరపడిందంటే గోదావరిఖని చౌరస్తాలో ఒకటే చర్చ. ‘ఈసారి లాభాల్లో వాటా ఎంత శాతం?’ టీ కొట్టు దగ్గరా అదే మాట, డ్యూటీకెళ్లే దారిలోనూ అదే మాట. 2025 సెప్టెంబరులో ఆ ఉత్కంఠ 34 శాతం దగ్గర తెరపడింది. సింగరేణిలో ఒక్కో పర్మనెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు అందుతాయని లెక్క తేల్చారు.

అయితే శాతం వినగానే సంబరపడిపోయే రకం కాదు బొగ్గుగని కార్మికుడు. వెంటనే మరో ప్రశ్న వేస్తాడు... ‘దేనిమీద శాతం?’ అని. 2024-25లో వచ్చింది మొత్తం 6,394 కోట్ల లాభం. అందులో 4,034 కోట్లు భవిష్యత్తు పెట్టుబడులకని పక్కన పెట్టారు. మిగిలిన 2,360 కోట్ల మీదే ఆ 34 శాతం. ‘మొత్తం లాభం మీద ఎందుకివ్వరు?’ అని కార్మిక సంఘాలు గట్టిగానే నిలదీశాయి. ఎవరి వాదన ఒప్పన్నది అలా ఉంచితే, శాతం కన్నా అది దేనిమీద లెక్కగట్టారన్నది ముఖ్యమని ఇక్కడ పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు.

ఇప్పుడు ఇలాంటి ఓ ఇంటిని ఊహించుకోండి. తండ్రి గనిలో ఓవర్‌మన్. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. కూతురు హైదరాబాద్‌లో ఓ పెద్ద కంపెనీ తరఫున ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఉద్యోగం చేస్తోంది. ఎనిమిదేళ్ల అనుభవం. ఓ రోజు ఫోన్ చేసింది.

‘బాపూ, ఓ కొత్త కంపెనోళ్లు పిలుస్తున్నరు. సేల్స్ హెడ్ అట. 24 లక్షల ప్యాకేజీ. కంపెనీల అర శాతం వాటా గూడ ఇస్తరట.’

‘ఎంతమంది ఉన్నరు బిడ్డా ఆ కంపెనీల?’

‘పదకొండు మంది.’

అవతలి నుంచి కాసేపు మాటల్లేవు. నలభై వేలమంది పనిచేసే కంపెనీలో మూడు దశాబ్దాలు గడిపిన మనిషికి పదకొండు మంది అంటే అది కంపెనీలా కాదు, షిఫ్టులో ఒక గ్యాంగులా వినపడుతుంది. తండ్రి భయం అర్థం చేసుకోదగ్గదే. కూతురి ఉత్సాహమూ అంతే. ఇద్దరికీ కావాల్సింది వాదన కాదు... లెక్క.

‘పర్మనెంట్’ అన్న మాట

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. పెద్ద కంపెనీ అయితే భద్రం, చిన్న కంపెనీ అయితే జూదం అన్న విభజన రామగుండం ప్రాంతపు చరిత్రకే సరిపడదు.

ఇక్కడి ఎరువుల కర్మాగారం సంగతే తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1980లో ఉత్పత్తి మొదలైంది. ‘ఎఫ్‌సీఐలో ఉద్యోగం’ అంటే అప్పట్లో పిల్లనివ్వడానికి ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. 1999లో అది మూతపడింది. కాలనీ బోసిపోయింది. మళ్లీ అక్కడ యూరియా తయారవడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది... 2021లో, అదీ ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త సంస్థ పేరుతో.

సింగరేణి కూడా 1990ల్లో నష్టాలతో రెండుసార్లు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. గట్టెక్కింది, లాభాల బాట పట్టింది. కానీ ఆ దశాబ్దం మొదట్లో లక్షా పది వేలు దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దగ్గరుంది. యంత్రాలొచ్చాయి, ఓపెన్‌కాస్టులొచ్చాయి, పర్మనెంటు కొలువులు తగ్గాయి. తండ్రి చేసిన ఉద్యోగం పిల్లలందరికీ దొరకదన్నది ఈ ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలిసిన నిజం.

కాబట్టి బోర్డు చూసి కాదు, ఆ బోర్డు వెనకున్న లెక్కలు చూసి నిర్ణయించుకోవాలి. అవి ఐదు.

మొదటి లెక్క: ఇప్పటిదాకా అమ్మిందెవరు?

ఎవరైనా మొదట జీతం అడుగుతారు. కానీ సేల్స్ హెడ్‌గా వెళ్లేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది... ‘ఇప్పటిదాకా ఎవరు అమ్మారు? ఎవరికి అమ్మారు? వాళ్లు రెండో ఏడాదీ డబ్బు కట్టారా?’

ఎందుకో తెలియాలంటే మనవాళ్ల కథే ఒకటుంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బిట్స్ పిలానీలో చదివి బెంగళూరులో ఇంజినీరుగా పనిచేసేవారు. 2005 దీపావళికి ఇంటికి రావాలనుకుంటే బస్సు టికెట్ దొరకలేదు. ఆ బాధలోంచే స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు.

వాళ్ల మొదటి ఆలోచన టికెట్లు అమ్మడం కాదు. బస్సు యజమానులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇవ్వాలనుకున్నారు. సాఫ్ట్‌వేర్ సిద్ధమైంది. యజమానులు మాత్రం ఆసక్తి చూపలేదు. సీట్ల పుస్తకం, ఫోను... వాళ్ల వ్యాపారం వాటితోనే నడిచిపోతోంది మరి. అప్పుడు ఈ ముగ్గురూ దారి మార్చారు. ‘సాఫ్ట్‌వేర్ వద్దులెండి, కొన్ని సీట్లివ్వండి, మేం అమ్మిపెడతాం’ అన్నారు. సీట్లు అమ్మి చూపించాక యజమానులకు నమ్మకం కుదిరింది. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ కూడా వాళ్ల ఆఫీసుల్లోకి వెళ్లింది. 2013లో ఇబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనేసింది. ధర సుమారు 800 కోట్లని అప్పట్లో వార్తలొచ్చాయి. ఫణీంద్ర తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి తొలి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గానూ పనిచేశారు.

ఈ కథను మరో వైపు నుంచి చూడండి. తొలి నెలల్లోనే వాళ్లు ఓ సేల్స్ హెడ్‌ని పెట్టుకుని, ‘ఏడాదిలో వందమంది యజమానులకు ఈ సాఫ్ట్‌వేర్ అమ్ము’ అని లక్ష్యమిచ్చి ఉంటే? ఎంత మొనగాడైనా అమ్మలేకపోయేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి ‘సేల్స్ హెడ్ పనిచేయడం లేదు’ అనేవాళ్లు. నిజానికి లోపం అమ్మేవాడిలో కాదు, కొనేవాడికి ఆ వస్తువు అప్పటికి అవసరం లేకపోవడంలో ఉంది. అమ్మడానికి వెళ్లింది వ్యవస్థాపకులే కాబట్టి ఆ సంగతి వాళ్లకే తెలిసింది. దారి మార్చే అధికారం కూడా వాళ్ల చేతుల్లోనే ఉంది. జీతానికి వచ్చిన సేల్స్ హెడ్‌కి ఆ అధికారం ఉండదు.

అందుకే కొత్త కంపెనీల్లో మొదటి అమ్మకాలు వ్యవస్థాపకులే చేయాలంటారు. తెలిసినవాళ్లకే కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా అమ్మి చూపించాలి. ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, ఎన్నాళ్లలో కొంటారన్న దారి దొరికాక, ఆ దారిని పదిమంది నడిచే బాటగా మార్చడానికే సేల్స్ హెడ్. దారే దొరకనిచోట ఆ హోదాకి అర్థం లేదు. పేరుకి సేనాపతి, చూస్తే సైన్యమంతా తనే! అప్పుడు మిమ్మల్ని తీసుకుంటున్నది అమ్మకాలు నడిపించడానికి కాదు, అసలు అమ్ముడవుతుందో లేదో కనుక్కోవడానికి. ఆ పనీ గౌరవమైనదే. కానీ అది తెలిసి చేరడం వేరు, తెలియక చేరడం వేరు.

దీన్ని తేల్చుకోవడానికి మూడు పనులు చేయొచ్చు. డబ్బు కట్టిన ఖాతాదారుల్లో ముగ్గురితో నేరుగా మాట్లాడండి. వ్యవస్థాపకుడితో పాటు ఓ రోజు అమ్మకానికి వెళ్లి, ఆయన ఎలా మాట్లాడుతున్నారో, ఎదుటివాళ్లు ఎలా వింటున్నారో గమనించండి. మీకన్నా ముందు ఆ కుర్చీలో ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎందుకు వెళ్లిపోయారో అడగండి. ‘అతనికి చేతకాలేదు’ అన్న ఒక్క మాటే జవాబైతే, రేపు మీ గురించీ అదే మాట చెబుతారని గుర్తుపెట్టుకోండి.

రెండో లెక్క: డబ్బు ఎన్ని నెలలకు?

‘మాకు ఫండింగ్ వచ్చింది’ అనగానే పండగ చేసుకోకూడదు. ఎంతొచ్చిందన్నది కాదు, ఎంత మిగిలిందన్నది ముఖ్యం. బ్యాంకులో 1.80 కోట్లున్నాయనుకుందాం. నెల ఖర్చు 15 లక్షలు, రాబడి 3 లక్షలు. అంటే నెలనెలా 12 లక్షలు కరుగుతున్నాయి. ఆ లెక్కన 15 నెలలు నడుస్తుంది.

కానీ ఇందులో మీ జీతం లేదు! మీరూ, మీ కింద ఇద్దరు పిల్లలూ, ప్రయాణాలూ కలిపి మరో 3 లక్షలైతే, 15 నెలలు కాస్తా 12 నెలలకు దిగుతాయి. కొత్త పెట్టుబడి కోసం తిరగడానికి ఆరు నెలలైనా పడుతుంది. అంటే మీరు చేరిన ఆర్నెల్లకే ‘అమ్మకాలేవీ?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. ఒక ఆసుపత్రి మీ సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని తేల్చుకోవడానికే నాలుగు నెలలు పడుతుందనుకోండి... ఇక మీ చేతిలో మిగిలిందెంత?

‘బ్యాంకులో ఎంతుంది, నెలకెంత పోతోంది?’ అని అడగడం అమర్యాదేమీ కాదు. అమ్మకాలకు బాధ్యత వహించాల్సిన మనిషికి ఆ అంకె తెలియాలి. చెప్పడానికి ఇష్టపడని కంపెనీ, మీకు హోదా ఇస్తోందేగానీ నమ్మకం ఇవ్వడం లేదన్నమాట.

కొన్ని విషయాలు ఎవర్నీ అడక్కుండానే తెలుసుకోవచ్చు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ ఎప్పుడు నమోదైంది, డైరెక్టర్లెవరు అన్నవి కనిపిస్తాయి. కొద్దిపాటి రుసుము కడితే సమర్పించిన వార్షిక లెక్కలూ చూడొచ్చు. లెక్కలే సమర్పించని కంపెనీ జీతాలు మాత్రం సమయానికి ఇస్తుందని ఎలా అనుకోగలం?

పెద్ద పేరున్నంత మాత్రాన ఈ లెక్క మానేయకూడదు. అమ్మకాల సిబ్బంది భారీగా ఉన్న బైజూస్ విలువను 2022లో 2,200 కోట్ల డాలర్లుగా గట్టారు. 2024 జులైలో అదే కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. విలువ కాగితం మీద ఉంటుంది. జీతం మాత్రం బ్యాంకులో ఉన్న డబ్బులోంచే రావాలి.

మూడో లెక్క: 24 లక్షల్లో మనవెన్ని?

బొగ్గుగని కార్మికుడి జీతం చీటీలో ప్రతి గడికీ ఒక ఒప్పందం ఉంటుంది. బేసిక్, వీడీఏ, అలవెన్సులు... ఒక్కోదాని కోసం సంఘాలు నెలల తరబడి కూర్చుని మాట్లాడతాయి. 2021 జులై 1 నుంచి వర్తించే పదకొండో వేతన ఒప్పందం మీద సంతకాలు జరిగింది 2023 మే 20న! ఒప్పందంలో లేనిది లేనట్టే అన్న ఆ పట్టుదల ఇక్కడా పనికొస్తుంది.

మన ఉదాహరణలో కూతురికి ఇప్పుడు ఏడాదికి 16 లక్షలు. అందులో 14 లక్షలు స్థిరం, 2 లక్షలు ఇన్సెంటివ్. కొత్త కంపెనీ చెబుతున్న 24 లక్షల్లో 12 లక్షలే స్థిరం. మిగతా 12 లక్షలు లక్ష్యం చేరితేనే. సేల్స్ ఉద్యోగాల్లో ఇలా సగం సగం ఉండటం వింతేమీ కాదు. కానీ పైకి చూస్తే ఎనిమిది లక్షల పెరుగుదల, లోపల చూస్తే ఖాయంగా వచ్చే డబ్బులో రెండు లక్షల కోత! లక్ష్యంలో మూడో వంతు సాధిస్తేగానీ పాత 16 లక్షలైనా రావు. అదీ సాధించినంత మేరకు ఇస్తేనే. ‘సగం దాటితేనే ఇన్సెంటివ్’ అన్న షరతు ఉంటే ఆ మూడో వంతుకీ సున్నాయే.

ఇక లక్ష్యం. ఏడాదికి 3 కోట్ల అమ్మకాలు తేవాలన్నారనుకుందాం. ఒక్కో ఆసుపత్రి కట్టేది ఏడాదికి లక్షన్నర. అంటే 200 ఆసుపత్రులు కావాలి. పదిచోట్లకు వెళ్తే ఒకచోట సరేనంటారనుకుంటే 2,000 సార్లు కూర్చుని మాట్లాడాలి. ఏడాదిలో పనిరోజులు 250 అనుకుంటే రోజుకు ఎనిమిది! ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇంతవరకూ ఆ కంపెనీకి ఉన్న ఖాతాదారులు 20 మందే అయితే, 200 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు అది మార్కెట్‌ని చూసి వేసింది కాదు, పెట్టుబడిదారుకు చూపించడానికి వేసింది.

లక్ష్యాన్ని తిట్టుకోవడం కాదు, కూర్చుని సరిదిద్దించుకోవాలి. మొదటి ఆర్నెల్లు ఇన్సెంటివ్‌లో కొంత భాగం ఖాయంగా ఇవ్వమని అడగొచ్చు. ఆర్డరు రాగానే ఇస్తారా, డబ్బు వసూలయ్యాక ఇస్తారా? నెలకోసారా, మూడు నెలలకోసారా? మధ్యలో మానేస్తే, అప్పటికే తెచ్చిన ఆర్డర్ల మీద రావాల్సింది ఇస్తారా? ఇవన్నీ కాగితం మీదకు రావాలి.

ఇంకో మెలిక. ‘మొదట కన్సల్టెంటుగా చేరండి’ అంటే జాగ్రత్త. పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. ఉద్యోగులకిచ్చే ఆప్షన్ల పథకం కిందకూ రారు. ఉద్యోగిగానే తీసుకున్నా, 20 మందికన్నా తక్కువున్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు. కాబట్టి ఉందో లేదో ముందే అడగాలి. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలి. నియామక పత్రం విషయంలో మాత్రం మొహమాటం అక్కర్లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అది ఇచ్చి తీరాల్సిందే.

నాలుగో లెక్క: వాటా... దేనిమీద?

ఎక్కువమందిని ఊరించేది ఇదే. ‘ఈసాప్’... అంటే కంపెనీ షేర్లను ముందుగా నిర్ణయించిన ధరకు తర్వాత ఎప్పుడైనా కొనుక్కునే హక్కు. గమనించండి, ఇది షేరు కాదు, షేరు కొనే హక్కు మాత్రమే. మామూలుగా నాలుగేళ్లలో విడతలవారీగా చేతికొస్తుంది. చట్టం ప్రకారం మొదటి ఏడాది నిండకుండా ఏదీ రాదు. పదకొండో నెలలో బయటికొస్తే దక్కేది శూన్యం.

‘పదివేల ఆప్షన్లు ఇస్తున్నాం’ అంటే ఏమీ చెప్పనట్టే. కంపెనీ మొత్తం షేర్లు 20 లక్షలైతే అది అర శాతం. 2 కోట్లయితే అరలో పదో వంతు. పేరు అదే, విలువే వేరు. అందుకే చౌరస్తా ప్రశ్నే ఇక్కడా వేయాలి... ‘దేనిమీద?’

ఆ అర శాతం కూడా అలాగే ఉండదు. కొత్త పెట్టుబడి వచ్చినప్పుడల్లా కొత్త షేర్లు పుడతాయి, పాతవాళ్ల వాటా పలచబడుతుంది. ఒక్కోసారి ఇరవై శాతం చొప్పున రెండుసార్లు పలచబడితే 0.5 కాస్తా 0.4, ఆపైన 0.32 అవుతుంది. ఇప్పుడు ఆ కంపెనీని ఎవరో 25 కోట్లకు కొన్నారనుకుందాం. పెట్టుబడిదారులు అప్పటికే 20 కోట్లు పెట్టి, ‘అమ్మితే మా డబ్బు ముందు మాకివ్వాలి’ అని ఒప్పందం రాసుకుని ఉంటే, వాళ్లు తీసుకోగా మిగిలేది 5 కోట్లు. దాన్నే వాటాదారులందరూ పంచుకుంటారనుకుంటే 0.32 శాతం అంటే లక్షా అరవై వేలు! నాలుగేళ్ల కష్టానికి వచ్చిన ఆ మొత్తం, సింగరేణి కార్మికుడికి 2025లో వచ్చిన సగటు లాభాల వాటా కన్నా తక్కువ. షేర్లు కొనడానికి కట్టాల్సిన ధర, పన్ను ఇంకా తీసేయలేదు.

నాణేనికి రెండో వైపూ చూడాలి. అదే కంపెనీ 400 కోట్లకు అమ్ముడైతే 0.32 శాతం విలువ కోటీ ఇరవై ఎనిమిది లక్షలు. అలాంటివి జరగవా అంటే జరుగుతాయి. చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ 2021 సెప్టెంబరులో అమెరికా స్టాక్ మార్కెట్లో అడుగుపెట్టినప్పుడు అయిదు వందల మందికి పైగా ఉద్యోగులు కోటీశ్వరులయ్యారు. అయితే ఆ రోజు రావడానికి కంపెనీ పెట్టిన దగ్గర్నుంచి పదకొండేళ్లు పట్టింది. మన హైదరాబాద్‌లో 2015లో మొదలైన డార్విన్‌బాక్స్ విలువ 2022 నాటికి వంద కోట్ల డాలర్లు దాటింది. ఇవి నిజాలే. ఇంటి అప్పు వాయిదా మాత్రం వీటిని నమ్ముకుని కట్టేది కాదు.

పన్ను సంగతి చాలామంది చివరి నిమిషం దాకా పట్టించుకోరు. 10 రూపాయలకు కొనే హక్కున్న షేరు విలువ, కొనేనాటికి 200 అయిందనుకుందాం. 5,000 షేర్లు కొంటే తేడా తొమ్మిదిన్నర లక్షలు. అది జీతంతో సమానంగా ఆదాయంలో కలుస్తుంది. 30 శాతం శ్లాబులో ఉంటే 2.85 లక్షలు పన్ను, పైన సెస్సు. షేర్లు అప్పటికి అమ్ముడుపోయేవి కాకపోయినా సరే! ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న కొన్ని అంకుర సంస్థల ఉద్యోగులకు మాత్రం ఈ పన్నును కొంతకాలం వాయిదా వేసుకునే వీలుంది. మీ కంపెనీకి ఆ ధ్రువీకరణ ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఉద్యోగం మానేశాక ఆప్షన్లు వాడుకోవడానికి ఎన్ని రోజుల గడువిస్తారన్నది మరో ప్రశ్న. చాలాచోట్ల అది తొంభై రోజులే.

ఐదో లెక్క: ఇల్లు

చివరి లెక్క కంపెనీది కాదు, మనది. తండ్రికి 61 ఏళ్లు నిండితే రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేయాలి. వైద్యానికి సీపీఆర్‌ఎంఎస్ కార్డు ఉంటుంది సరే, మిగతా అవసరాలకు పిల్లల వైపు చూసే రోజులవి. సరిగ్గా అప్పుడే కూతురి ఉద్యోగం ఊగిసలాడితే?

అందుకే కొన్ని హద్దులు ముందే గీసుకోవాలి. ఇంటి ఖర్చులు, అప్పు వాయిదాలు స్థిరమైన జీతంతోనే గడవాలి. ఇన్సెంటివ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలి. పాత ఉద్యోగం మానకముందే కుటుంబానికి సొంతంగా ఆరోగ్య బీమా తీసుకోవాలి. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఒకరి ఉద్యోగమైనా నిలకడగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. ‘మీరూ కొంత పెట్టుబడి పెడితే ఇంకా ఎక్కువ వాటా ఇస్తాం’ అన్న మాట వస్తే అక్కడితో ఆగిపోవాలి. ఉద్యోగమిచ్చేవాళ్లు జీతమివ్వాలిగానీ డబ్బడగకూడదు. తండ్రి పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులు ముప్ఫై ఏళ్లు భూమి లోపల చెమటోడ్చి కూడబెట్టినవి. వాటికీ, కూతురి కొత్త ఉద్యోగానికీ ఏ సంబంధమూ ఉండకూడదు.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ముప్ఫైల్లో ఉండి, చేతిలో అమ్మే నేర్పు ఉన్నవాళ్లకు రెండేళ్ల ప్రయోగం విఫలమైనా మరో ఉద్యోగం దొరుకుతుంది. పైగా పెద్ద కంపెనీలో పదేళ్లకు గానీ రాని పనులు... ధర నిర్ణయించడం, మనుషుల్ని ఎంచుకోవడం, సున్నా నుంచి ఖాతాదారుల్ని తేవడం... చిన్నచోట ఏడాదిలోనే చేతికొస్తాయి. అది కూడా సంపాదనే. ‘ఇంజినీరింగ్ చదివి సేల్సా?’ అని చుట్టాలు అనొచ్చు. ఏ కంపెనీకైనా మొదటి రూపాయి తెచ్చేది అమ్మేవాళ్లేనని చెప్పండి.

కాగితం మీద ఉండాల్సినవి

* స్థిర జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎంత, మొదటి ఆర్నెల్లు ఖాయంగా ఇచ్చేదెంత.
* ఏడాది లక్ష్యం, దాన్ని ఎవరు ఎప్పుడు మార్చవచ్చు.
* ఇన్సెంటివ్ చెల్లించే రోజు, మానేసినప్పుడు రావాల్సిన బకాయిల సంగతి.
* ఆప్షన్ల సంఖ్యతో పాటు కంపెనీ మొత్తం షేర్ల సంఖ్య, కొనాల్సిన ధర, చేతికొచ్చే విడతలు. ఈ పథకాన్ని వాటాదారులు ఆమోదించిన తీర్మానం ఉందా అన్నది.
* కంపెనీని మరొకరు కొంటే అప్పటికింకా చేతికి రాని ఆప్షన్లు ఏమవుతాయి.
* నోటీసు గడువు. మీకు తొంభై రోజులు, వాళ్లకు పదిహేను రోజులు అని ఉంటే సమానం చేయమనండి.
* వాళ్లే వద్దనుకుంటే ఎన్ని నెలల జీతం ఇస్తారు.
* మీ కింద ఎంతమందిని, ఏ నెలలోపు నియమించుకోవచ్చు.

‘నోటిమాట చాలు, మనమంతా ఒక కుటుంబం’ అంటారు కొందరు. కుటుంబమైతే కాగితం మీద రాయడానికి ఇబ్బందేముంది?

ఔననాలా... కాదనాలా?

ఈ ఐదు లెక్కలూ వందకు వంద సరిపోయే కొత్త కంపెనీ ఎక్కడా దొరకదు. అన్నీ సరిపోతే అది కొత్త కంపెనీయే కాదు. కాకపోతే కొన్నింటికి రాజీ పడొచ్చు, కొన్నింటికి పడకూడదు. జీతం కాస్త తక్కువైనా ఫర్వాలేదు. వాటా తక్కువైనా ఫర్వాలేదు. మొదటి రెండు లెక్కల్లో మాత్రం రాజీ వద్దు. వ్యవస్థాపకుడు తెలియనివాళ్లకు అమ్మి చూపించి, కొన్నవాళ్లు రెండో ఏడాదీ డబ్బు కట్టి, మీ జీతం కలుపుకొన్నాక కూడా కనీసం ఏడాదికి సరిపడా డబ్బు బ్యాంకులో ఉంటే... అడుగు వేయొచ్చు. ఆ రెండూ లేకపోతే ఎంత పెద్ద హోదా ఇచ్చినా, ఎంత శాతం రాసిచ్చినా నమస్కారం పెట్టి వచ్చేయడమే మంచిది.

గనిలో షిఫ్టు మొదలయ్యేముందు సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే సరే. బోలుగా వినిపిస్తే అక్కడ ఎవర్నీ నిలబడనివ్వడు. అలా తట్టి చూసేది పనికి భయపడి కాదు, పని చేయాలనే. మన ఉదాహరణలో ఆ తండ్రి కూడా కూతుర్ని ‘వద్దు’ అనక్కర్లేదు, ‘వెళ్లు’ అనీ అనక్కర్లేదు. ‘అన్నీ తట్టి చూసినవా బిడ్డా?’ అని అడిగితే చాలు. మిగతా లెక్క ఆమె చేసుకోగలదు.